దిద్దిన ముఖం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళికి ఫొటోగ్రాఫర్ని కుదుర్చుకునే గొడవ ఆ పెద్దలకు లేదు కాబట్టి అంతటితో ఊరుకున్నారు. డాక్టరమ్మ పెళ్ళికొడుకును నలభై నిమిషాల్లో ఒప్పుకుంది. ఫొటోలు తీసే మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం నెల దాటినా ఎటూ తేల్చలేదు.

డాక్టరమ్మ అంటే మందులిచ్చే మనిషి కాదు. ఫొటో ల్యాబ్‌లో పదకొండేళ్లుగా ముఖాలు బాగుచేస్తున్న మనిషి. మొటిమలు తీసేస్తుంది, కళ్ళ కింద నలుపు చెరిపేస్తుంది, రెండు గడ్డాలున్నవాళ్లకు ఒకటే మిగులుస్తుంది. "కత్తి పట్టకుండా ఆపరేషన్ చేసే డాక్టరమ్మ మా దగ్గరుంది" అని ల్యాబ్ యజమాని ఎప్పుడో ఒక గిరాకీతో అన్న మాట ఆమెకు అలాగే అతుక్కుపోయింది. ఇంట్లో తల్లి కూడా కోపమొస్తే ఆ పేరుతోనే పిలుస్తుంది.

మామూలువాళ్లయితే నాలుగు ఆల్బమ్‌లు తిరగేసి, ఒకటి నచ్చిందని చెప్పి ఇంటికి పోతారు. వాళ్లు చూసేది వండి వడ్డించాక. డాక్టరమ్మ చూసేది వంటింట్లోంచి. ఊళ్లో ఎవరి చెయ్యి ఎలాంటిదో ఆమెకు తెలిసినంతగా వాళ్ల భార్యలకు కూడా తెలియదు. ఒకాయన తీస్తే పొడుగువాళ్ల తలలు ఎగిరిపోతాయి. ల్యాబ్‌లో ఆయన పేరు తలకోత. ఇంకొకాయన వేదికెక్కాడంటే వచ్చినవాళ్లకు ఆయన వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆయన దండయాత్ర. మూడో ఆయన ఏది తీసినా చుట్టూ మంచు కమ్మినట్టు మెత్తగా ఉంటుంది కాబట్టి పొగమంచు. ఇక నాలుగో ఆయన దిద్దొద్దు మాస్టారు. అచ్చుకు పంపే ప్రతి కవరు మీదా ఎర్ర ఇంకుతో ‘దిద్దవద్దు’ అని రాసే ముసలాయన. ఆయన ఫొటోల్లో చెమట చెమటలాగే ఉంటుంది, పుట్టుమచ్చ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆయనంటే డాక్టరమ్మకు ఒళ్లుమంట. మన చేతి పనిని అక్కర్లేదనే మనిషి మీద ఎవరికి మాత్రం ప్రేముంటుంది?

ఇన్ని తెలిసిన మనిషి ఇంత తాత్సారం చెయ్యడానికి కారణం ఫొటోగ్రాఫర్లలో లేదు, ఇంట్లో ఉంది. ఆమె చెల్లెలు. ఆ పిల్లకు నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే చిన్నప్పుడే అందరూ పిచ్చుక అని పేరు పెట్టేశారు. ఇరవై నాలుగేళ్లు. ఏడాది కిందట రక్తంలో జబ్బు బయటపడింది. ఎక్కించవలసిన మందులన్నీ ఎక్కించారు. జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, బుగ్గలు పీక్కుపోయాయి. పోవలసిన జబ్బు ఒక్కటే పోలేదు. చివరికి ఆస్పత్రిలో పెద్ద డాక్టరు తల్లిని బయటే కూర్చోమని, డాక్టరమ్మను లోపలికి పిలిచి, "ఇంట్లో శుభకార్యం ఏదైనా అనుకుంటుంటే తొందరగా కానిచ్చుకోండమ్మా" అన్నాడు. అంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? ఏడాది చివరికి అనుకున్న పెళ్ళిని పది వారాల్లోకి లాక్కొచ్చారు. పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. దేనికీ అడ్డు చెప్పే మనిషి కాదు. "ఎప్పుడంటే అప్పుడే" అన్నాడు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మకు ఒకటే పట్టుదల. పెళ్ళి ఫొటోల్లో పిచ్చుక మునుపటి పిచ్చుకలా ఉండాలి. ఎప్పుడో ఒకరోజు తల్లి ఒంటరిగా కూర్చుని ఆ ఆల్బమ్ తెరుస్తుంది. ఆ రోజు ఆమెకు రోగం కనబడకూడదు, కూతురు కనబడాలి. అందుకే పొగమంచు వైపు మొగ్గింది. మెత్తగా వచ్చిన ముఖం మీద ఎంత దిద్దినా దిద్దినట్టు తెలియదు.

నమూనా ఆల్బమ్‌లు నాలుగూ ఇంటికి తెచ్చి ఒక మధ్యాహ్నం చెల్లెలి మంచం మీద పరిచింది. మాట వరసకి అడిగినట్టు ఉంటుందని తెచ్చిందే తప్ప నిర్ణయం అప్పటికే అయిపోయింది. పిచ్చుక నెత్తిమీద ఊలు టోపీ పక్కకు జరుపుకుంటూ ఒక్కో పేజీకీ ఒక్కో మాట అంటించింది.

"ఏంటక్కా ఈ పెళ్ళికూతురు? పిండిలో పడి లేచినట్టుంది."

"పిండి కాదు. అది నా పనే."

"మరి వీళ్లాయన? గోడకి కొట్టిన సున్నమే ఈయనకీ కొట్టావా?" అని పడీ పడీ నవ్వి, దగ్గొచ్చి, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. అలా నవ్వుతూ నాలుగో ఆల్బమ్ తెరిచింది. తెరిచాక మాట్లాడలేదు. పిచ్చుక మాట్లాడకపోతే ఆ ఇంట్లో అందరికీ భయం. వంటింట్లోంచి తల్లి తొంగి చూసింది.

అందులో ఒక ముసలావిడ ఒంటిపన్నుతో నవ్వుతోంది. ఒక పెళ్ళికూతురు ఏడ్చి ఏడ్చి కాటుకంతా చెంపల మీదికి కారి, ఆ కాటుకతోనే ఎవరినో చూసి నవ్వుతోంది. ఒక తండ్రి చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన్ని పెట్టుకో అక్కా" అంది పిచ్చుక. "వీళ్లందరూ మన వీధిలోవాళ్లలా ఉన్నారు."

"ఆయన కుదరడే. ఒక్క గీత కూడా దిద్దనివ్వడు."

"ఏం దిద్దాలి?"

డాక్టరమ్మ ఆల్బమ్‌లు ఒకదాని మీద ఒకటి సర్దసాగింది. పిచ్చుక ఆమె చేతిని పట్టుకుని ఆపింది.

"అడుగుతున్నాగా. ఎవరిని దిద్దాలి?"

జుట్టు పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో పిచ్చుకను ఎవరూ ఫొటో తియ్యలేదు. రెండుసార్లు తనే, "నా గుండుతో ఒకటి తియ్యక్కా" అని అడిగింది. "బాగయ్యాక తీసుకుందాంలే" అని రెండుసార్లూ ఫోన్ పక్కన పెట్టేసింది అక్క. అది గుర్తొచ్చి డాక్టరమ్మ తల వంచుకుంది. "సరే, పిలుస్తాలే" అంది. చెల్లెలి మాట కాదనలేక అందే తప్ప మనసు మారి కాదు.

దిద్దొద్దు మాస్టారికి ఒక పద్ధతి ఉంది. ఇంటికొచ్చి మనుషుల్ని చూసిగానీ పెళ్ళి ఒప్పుకోడు. వచ్చినప్పుడు నమూనాకి ఒక్క ఫొటో తీస్తాడు. అది నచ్చితే పని, లేకపోతే దండం. ఆదివారం ఉదయం వచ్చి, వంటింటి పక్క కుర్చీలో కూర్చుని, టీ తాగి, గంటసేపు సంచీ జిప్పు కూడా తీయలేదు. పిచ్చుక కిటికీ దగ్గర చేరగిలబడి, దురదగా ఉందని టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, కాబోయే బావ తీరును వర్ణిస్తోంది.

"మా లిఫ్టు బావ సంగతి మీకు తెలీదు మాస్టారూ. మా అక్క ‘కింద’ అంటే కిందకి, ‘పైన’ అంటే పైకి. మధ్యలో ఆగితే మాత్రం ఎవరూ తలుపు తియ్యలేరు."

ఆ మాట మధ్యలో ఎక్కడో క్లిక్కుమంది. ఆయన కెమెరా ఎప్పుడు బయటికి తీశాడో ఎవరూ గమనించలేదు.

"అయిపోయిందా? ఇంకోటి తియ్యరా?" అంది పిచ్చుక.

"ఒకటి కుదిరితే రెండోది ఎందుకమ్మా? కుదరకపోతే నన్ను పెట్టుకోవద్దు." తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ తల్లితో, "మీ చిన్నమ్మాయి మాట్లాడుతుంటే తియ్యాలి. ఊరుకుంటే ఫొటో రాదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కెమెరా కార్డు ల్యాబ్‌కి వచ్చింది. కవరు మీద ఎర్ర ఇంకు ఉండనే ఉంది. ల్యాబ్‌లో మామూలుగా ప్రతి పనికీ ఒక నంబరు పడుతుంది. నంబరు పడగానే కంప్యూటర్ అసలు ఫొటోకి ఒక నకలు తీసి విడిగా దాస్తుంది. దిద్దడం చెడిపోతే మళ్ళీ మొదటికి రావడానికి. ఇది ఇంటి పని కదా, నంబరెందుకు అనుకుంది డాక్టరమ్మ. తనే కార్డులోంచి ఫొటో ఎక్కించుకుని, "చేరింది మాస్టారూ" అని ఫోన్ చేసి చెప్పి, కార్డు వెనక్కి పంపేసింది. చేరిందని ల్యాబ్ చెప్పగానే ఆయన కార్డు తుడిచేసి తరవాతి పెళ్ళికి వాడతాడు. ఏళ్ల తరబడి వాళ్ల మధ్య నడుస్తున్న ఏర్పాటు అది.

తరవాత తెరలు మూసిన తన గదిలో కూర్చుని ఫొటో తెరిచింది. చూసింది అనడం కూడా తప్పే. పదకొండేళ్ల అలవాటు ఆ కళ్లకు చూడటం మరిచిపోయేలా చేసింది. ముఖం కనబడగానే వాటికి పని కనబడుతుంది. ఎడమ కన్ను కింద నలుపు. దవడ ఎముక. పొట్టు లేచిన పెదవులు. బోడి తల మీద ఈనెల్లాంటి నరాలు. కవరు మీది ఎర్ర ఇంకు కళ్ళెదుటే ఉంది. అయినా చెయ్యి ఊరుకుంటేనా? బుగ్గలు పూడ్చింది. కళ్ళ కింద వెలుతురు నింపింది. నిరుడు తీసిన ఫొటోలోంచి జుట్టు తెచ్చి, పాయ పాయగా అమర్చి, భుజం మీదికి జార్చింది. కనుబొమలను ఒక్కో వెంట్రుకా గీసింది. నాలుగు గంటలు పట్టింది. నిజం డాక్టర్లు ఏడాదిగా చెయ్యలేనిది తను చేసినందుకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ భద్రపరిచే మీట నొక్కింది. పాత ఫొటో మీదే కొత్తది కూర్చుంది. ఆ సంగతి అప్పుడు తోచలేదు. పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, చుట్టచుట్టి, ఇంటికి పరుగు లాంటి నడకతో వెళ్లింది.

పిచ్చుక కాగితం విప్పి చాలాసేపు చూసింది.

"ఎవరక్కా ఈ అమ్మాయి?"

"నువ్వేనే. ఎవరనుకున్నావు?"

"బాగుంది పాపం. దిట్టంగా ఉంది." కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని దాని జుట్టు మీద వేలితో రాసింది. "ఈ అమ్మాయికి పెళ్ళి సంబంధాలు కూడా వస్తాయి. నన్నెందుకు తీసేశావు?"

"తియ్యలేదే. కొంచెం..."

"తీసేశావక్కా. నేను బతికే ఉన్నాను కదా, ఇంకా ఇక్కడే కూర్చున్నాను కదా. ఇప్పుడే తీసేస్తే ఎలా?" పిచ్చుక కోప్పడలేదు. కోప్పడితే డాక్టరమ్మకు తేలికయ్యేది. "ఏడాదంతా ఎన్ని పడ్డాను నేను! ఆ సూదులు, ఆ వాంతులు. ఇంత పడి కూడా నవ్వానని తెలియాలి కదా. ఈ పిల్లకేం పోయింది నవ్వడానికి?"

డాక్టరమ్మ గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ, "తప్పైపోయింది. మాస్టారు తీసింది అలాగే రేపు అచ్చు తీయించి తెస్తాను" అంది.

"తే. అది నచ్చితే ఆయన్నే పెట్టుకుందాం" అని పిచ్చుక కాగితాన్ని చుట్టి పక్కన పెట్టింది.

మర్నాడు ల్యాబ్ తాళం తీసింది డాక్టరమ్మే. యజమాని వచ్చేసరికి ఆమె కుర్చీలో రాయిలా కూర్చుని ఉంది. అసలు ఫొటో కోసం ఆయన వెతికాడు, తెలిసినవాళ్లను పిలిచి వెతికించాడు. నంబరు లేని పనికి నకలెక్కడిది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అక్కడి నుంచి మాస్టారి ఇంటికి పరిగెత్తింది. ఆయన కార్డు చూపించాడు. దాని నిండా ఎవరిదో పెళ్ళి.

"అంత పెద్ద అక్షరాలతో రాశాను. నీకు చదవడం రాదా?" అన్నాడాయన. అన్న తరవాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సరే, ఏడవకు. గురువారం వచ్చి మళ్ళీ తీస్తాను. పిల్ల ఇంట్లోనే ఉంటుంది కదా."

జరిగింది చెబితే పిచ్చుక నెత్తి కొట్టుకుని నవ్వింది. "డాక్టరమ్మ చేతిలో పేషెంటు గల్లంతు" అంది. డాక్టరమ్మ ఫోన్ తీసి, "పోనీ ఇప్పుడు నేను తియ్యనా?" అంటే, "నువ్వొద్దు తల్లీ. నీ చెయ్యి ఊరుకోదు. గురువారం ఎంతలోకి వస్తుంది?" అని కొట్టిపారేసింది.

బుధవారం మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది. సాయంత్రానికి ఆస్పత్రిలో ఉంది. గురువారం మాస్టారు ఇంటికెళ్లి, తాళం చూసి, పక్కింటివాళ్లను అడిగి ఆస్పత్రికి వచ్చాడు. ముక్కుకు గొట్టం, చేతికి సూది. పిచ్చుక కళ్ళు తెరిచి ఆయన ఒళ్లో సంచీని చూసింది.

"కెమెరా తెచ్చారా మాస్టారూ?"

"తెచ్చానమ్మా."

"ఇవాళొద్దులెండి. మాట్లాడలేకపోతున్నా."

ఆయన సంచీ తెరవలేదు. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, చూడనిచ్చే వేళ అయిపోయేదాకా కూర్చుని వెళ్లాడు. శనివారం ఉదయం పిచ్చుక పోయింది. పెళ్ళికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

పెళ్ళి మూడు నెలలు వెనక్కి జరిగింది. పెళ్ళికొడుకు "ఎప్పుడంటే అప్పుడే" అన్నాడు, ఈసారి ఆ మాట అంటూ ఏడ్చాడు. ఫొటోగ్రాఫర్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మే ఒకరోజు మాస్టారి గుమ్మం ముందు నిలబడింది. "మీ చెల్లెలు కుదిర్చిన పని. రాకుండా ఎలా ఉంటాను? ఫొటోలు మాత్రం మీ ల్యాబ్‌కి ఇవ్వను" అన్నాడు. ఇవ్వద్దనే ఆమె కూడా అంది.

ఇంట్లో తల్లి పిచ్చుక చుట్టి పెట్టిన ఆ కాగితాన్ని విప్పి, అద్దం కట్టించి, హాల్లో పెట్టింది. పరామర్శకొచ్చినవాళ్లందరూ దాని ముందు ఆగారు. "ఏడాది మంచాన పడ్డ పిల్లలా లేదే" అన్నారు. "ఎంత కళగా ఉందో" అన్నారు. తల్లి ప్రతి ఒక్కరికీ, "మా పెద్దదాని చేతి చలవ" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా డాక్టరమ్మ ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయేది. తల్లికి కావలసిందేదో తల్లికి దక్కింది. మరి పిచ్చుక అడిగింది? ఇంత పడి కూడా నవ్వానని తెలియాలి అంది ఆ పిల్ల. దానికి సాక్ష్యం ఒక్కటంటే ఒక్కటి ఉంటే, దాన్ని తన చేత్తో చెరిపేసింది.

చెరిపిన చెయ్యే మళ్ళీ గియ్యలేదా అనుకుంది. ల్యాబ్‌లో అందరూ భోజనానికి వెళ్లే వేళ రోజూ ఆ ఫొటో తెరిచి ఉల్టా పని మొదలుపెట్టింది. జుట్టు తీసేసింది. బుగ్గలు లోపలికి నొక్కింది. కళ్ళ కింద నలుపు పూసింది. తెర మీద ఎవరో రోగిష్టి పిల్ల తయారైంది గానీ పిచ్చుక రాలేదు. నలుపు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? గుర్తు లేదు. తల మీద నరం కుడి కణత పైన చీలేదా, ఎడమ వైపా? పై పెదవి పగిలిందా, కిందిదా? నాలుగు గంటలు ఆ ముఖం మీదే వంగి కూర్చున్న మనిషికి ఒక్కటీ తెలియలేదు. తీసెయ్యడానికి ఎంత కావాలో అంతే చూసింది మరి. వారం రోజుల్లో పదిహేను ముఖాలు గీసి పదిహేనూ చెరిపేసింది.

చివరికి పెళ్ళి ముందు ఆదివారం తల్లిని అడిగింది. ఏడాదంతా ఆ పిల్లకు ముఖం కడిగి, పెదవులకు వెన్న రాసిన మనిషి ఆమే కదా. ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తల్లి హాల్లో కుర్చీ వేసుకుని ఎక్కి ఫొటో అద్దం తుడుస్తోంది. పెళ్ళికి వచ్చేవాళ్లు చూస్తారని.

"అమ్మా, పిచ్చుకకి ఎడమ కన్ను కిందే కదా నలుపు ఎక్కువ? ఎక్కడిదాకా ఉండేది?"

"నలుపేంటే? దాని ముఖాన నలుపెక్కడిది?"

"చివర్లో అమ్మా. జుట్టు లేనప్పుడు."

తల్లి తుడవడం ఆపి, పెద్దకూతురి వైపు జాలిగా చూసింది. "చివర్లో తీసిందే కదే ఇది, మాస్టారు వచ్చినప్పుడు. నేనిక్కడే ఉన్నానుగా. ఇదిగో, ఈ కిటికీ దగ్గరే కూర్చుని నీకు కాబోయేవాడి మీద జోకులేసింది. జుట్టు ఇలాగే భుజం మీద పడుతుంటే వెనక్కి తోసుకుంటూ నవ్వింది. నువ్వు పనిలో పడి మరిచిపోయావు గానీ, నాకెందుకు గుర్తుండదు?"

"జుట్టెక్కడుందమ్మా అప్పుడు?" అనబోయింది డాక్టరమ్మ. కుర్చీ మీద నిలబడ్డ తల్లి ముఖం చూసి ఆ మాట మింగేసింది. "అవునమ్మా" అని కుర్చీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

కనీసం తనకైనా గుర్తుండాలి కదా అనిపించింది. కుర్చీ పట్టుకునే కళ్ళు మూసుకుని, ఆస్పత్రి మంచం మీది పిచ్చుకను తలుచుకుంది. గొట్టం కనబడింది, సూది కనబడింది. దిండు నిండా నల్లటి జుట్టు పరుచుకుని ఉంది.